ఏడో బెల్లు

దగ్గరికి జరగండి. కుంపటి వేడి ఇటే కొడుతోంది, ఆ మూలన వణుకుతూ కూర్చోవడం ఎందుకు? చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వినండి. నేను నాలుగో తరగతి దాటలేదు. ఏదీ రాసిపెట్టుకునే అలవాటు లేదు. కానీ ఒకసారి చెవిన పడ్డ చప్పుడును మరిచిపోను. మూడు చలికాలాల కింద నేను విన్న ఒక చప్పుడు గురించి చెబుతాను.

గోదావరిఖనిలో బొగ్గు గనిని మేం బాయి అంటాం. మా ఆయన ఇరవై ఎనిమిదేళ్లు బాయిలోకి దిగాడు, ఎక్కాడు. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడదు. గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతాడు. దవాఖానలో ఎక్స్‌రే చూసి లోపలంతా దుమ్మే అన్నారు. ఆయన ఇంట్లో కూర్చున్నాక నేను పని వెతుక్కున్నాను. బాయి మీద క్యాంటీన్లో, ఒక కాంట్రాక్టరు కింద, పూరీలు ఒత్తే పని దొరికింది. మొదటి రోజు పొద్దున ఆయన గడప పట్టుకుని నిలబడి ఒకే మాట అన్నాడు.

"పొయ్యి కాడ ఎంతసేపన్న నిలవడు. దుమ్ముల నిలవెడితే మాత్రం ఇంటికొచ్చెయ్. ఇంట్ల ఒక్కని ఊపిరి పోయింది, చాలు."

సరే అన్నాను. సరే అంటే చాలదని, చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నాకు అదే ముఖ్యం.

ఆయన డ్యూటీకి తొక్కిన సైకిలే నాకు వచ్చింది. సీటు ముందు అడ్డంగా డండా ఉన్న మగవాళ్ల సైకిలు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, డండా మీదుగా కాలు వేసి ఎక్కడానికి నాకు వారం పట్టింది. దాని బెల్లు ఇత్తడిది, ఎప్పుడో కింద పడి పగులిచ్చింది. అందరి బెల్లులూ ట్రింగుమంటే నాది ఠప్పుమనేది, చెంచాతో సొట్ట గిన్నె కొట్టినట్టు. క్యాంటీన్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

"గా బెల్లు మార్చరాదే? పీనుగ లేసి కూసుంటది ఆ చప్పుడుకు."

"ఎందుకు మార్చాలె? నేనే వచ్చినని తెలుస్తది గద."

మేం ఏడుగురం ఒకే కాలనీ వాళ్లం, ఒకే క్యాంటీన్ వాళ్లం. మగవాళ్లందరికీ మోటారు బండ్లు వచ్చేశాయి, సైకిళ్లు మాకు మిగిలాయి. షేర్ ఆటో నిండేదాకా కదలదు, అది నిండేలోపు మా మస్టర్ మూసేస్తారు. మస్టర్ అంటే హాజరు పుస్తకం. ఏడింటికి మొదటి షిఫ్టు వాళ్లు బాయిలోకి దిగేముందు తిని పోవాలి కాబట్టి మేం ఆరింటికల్లా పొయ్యి ముందు ఉండాలి. అందుకని ఐదుంబావుకు నీళ్ల ట్యాంకు కింద కలుసుకునేవాళ్లం.

మా దగ్గర చలికాలపు మంచు తెల్లగా ఉండదు. గోదారి మీద నుంచి వచ్చేటప్పుడు తెల్లదే కావచ్చు. కాలనీలోకి వచ్చేసరికి ఇంటింటి బొగ్గు కుంపటి పొగ అందులో కలుస్తుంది. ఆపైన కరెంటు ప్లాంటు పొగ, లారీల దుమ్ము. అన్నీ కలిసి బూడిద నీళ్లలా రోడ్డు మీద నిలబడుతుంది. నీ ముందు చక్రం నీకు కనబడుతుంది, దాని ముందు లోకమే లేదు. హ్యాండిలు మీద వేళ్లు కొయ్యల్లా అవుతాయి. కనురెప్పల మీద తడి పేరుకుని, తుడుచుకుంటే రుమాలు నల్లగా అయ్యేది.

ఒక చలికాలం మాలో ఒకామె చైను ఊడి వెనక ఉండిపోయింది. బాయి గేటు దగ్గర సైకిళ్లకు స్టాండు వేసేదాకా ఆమె లేదని మాకెవరికీ తెలియలేదు. ఆ సాయంత్రమే అక్క ఒక పద్ధతి పెట్టింది. అక్క అంటే మాలో పెద్దది, జుట్టు సగం నెరిసింది, క్యాంటీన్లో అందరికంటే పాతది. వరుసలో ఎప్పుడూ ముందు తొక్కేది ఆమే.

పద్ధతి ఏమిటంటే, దారిలో మూడు చోట్ల లెక్క. ట్యాంకు మూల ఒకటి, రైలు గేటు ఒకటి, లారీల రోడ్డు వచ్చి కలిసేది మూడోది. అక్కడికి రాగానే అక్క ఒకసారి బెల్లు కొడుతుంది. ఆమె వెనకామె కొట్టాలి. తర్వాత మూడో ఆమె, నాలుగో ఆమె, అలా చివరిదాకా. ఏడు మోగితే పోదాం. ఒక్కటి మోగకపోయినా అందరం దిగి వెనక్కి నడవాలి.

"నోటితోని పిలుసుకుంటె కాదా అక్కా?" అని ఎవరో అడిగారు.

"నోటికి రుమాళ్లు కట్టుకుంటిమి. లారీల మోతల ఏం వినవడ్తది? అయినా నోటిదేముందే, నిద్రల గూడ ఆఁ అంటది. బెల్లు మోగాలంటె మనిషి చెయ్యి ఉండాలె."

ఆ పద్ధతిలో ఇంకో సగం ఉంది. మా సూపర్‌వైజరు నెలలో మూడు లేట్లయితే క్యాంటీన్ నుంచి తీసి యార్డుకు పంపేవాడు. యార్డు అంటే బొగ్గు కుప్పలు పోసే చోటు. బొగ్గును మోసుకొచ్చే బెల్టు కింద రాలిన పొడి ఊడ్చి, తట్టల్లో ఎత్తాలి. పొద్దంతా దుమ్ము. అక్క ఏమందంటే, ఎవరినీ ఒంటరిగా లేటు కానివ్వద్దు.

"లేటైతె ఏడుగురం లేటైదాం. ఏడుగురిని ఒక్కపారే యార్డుకు పంపి, పూరీలు ఆయన ఒత్తుతడా? ఆయన ఒత్తిన పూరి తిని మగోళ్లు బాయిల దిగుతరా?"

అందరం నవ్వాం. ఆ నవ్వులో ఎంత ధైర్యం ఉండేదో చెప్పలేను. మంచులో పోతూ ముందు నుంచి ఒక్కొక్క బెల్లూ మోగుతూ నా దాకా వస్తుంటే, చీకట్లో ఒకరి చేయి ఒకరు అందుకుంటున్నట్టు ఉండేది. చివరికి నా ఠప్పు. అది విని ముందు ఎవరో ఒకరు కిసుక్కుమనేవాళ్లు. అప్పుడు పెడళ్లు మళ్లీ కదిలేవి.

నా ముందు, ఆరోది, ఒక చెల్లె ఉండేది. సొంత చెల్లె కాదు, పనిలో చేరినప్పటి నుంచీ నన్ను అక్కా అని వెంట తిరిగింది కాబట్టి చెల్లె. అది పనికి వచ్చినప్పుడు దానికి సైకిలు తొక్కడం రాదు. కాలనీ గ్రౌండులో నేనే నేర్పాను. సీటు వెనక పట్టుకుని పరిగెత్తేదాన్ని.

"అక్కా, వదలకు! వదిలినవా?"

"పట్టుకునే ఉన్ననే, నువ్వు ముంగటికి సూడు."

అప్పటికి నేను వదిలేసి చాలాసేపైంది. నడుం మీద చేతులు పెట్టుకుని గ్రౌండు మధ్యలో నిలబడి ఉన్నాను. అది చివరిదాకా తొక్కి, వెనక్కి తిరిగి చూసి, నేను అంత దూరంలో ఉండటం చూసి కెవ్వుమని కేక వేసి పడింది. లేచి మట్టి దులుపుకుంటూ, "మోసం జేస్తివి గదనే!" అని ఎంతసేపు నవ్విందో.

అది తొక్కుతుంటే కొన్నాళ్లు సైకిలు ఊగేది. అందుకే దాన్ని నా ముందు ఉంచుకుని, చివరి చోటు నేను తీసుకున్నాను. దాని ఆకుపచ్చ స్వెట్టరు మీద కన్నేసి తొక్కేదాన్ని. దాని సైకిలుకు చిన్న కొత్త బెల్లు ఉండేది, కిణ్ అని సన్నగా మోగేది.

ఆ చలికాలం మాకు కలిసి రాలేదు. నెల మొదట్లో ఒకరోజు ఈ చెల్లెదే చైను ఊడి మడ్‌గార్డులో ఇరుక్కుంది. ఏడుగురం ఆగాం. నా జడపిన్నుతో చైను లాగి ఎక్కించేసరికి లేటు. పదిరోజులకు అక్క టైరులో మేకు దిగింది. ఏడుగురం సైకిళ్లు నడిపించుకుంటూ పోయాం. రెండో లేటు. ఆ రోజు సూపర్‌వైజరు మమ్మల్ని పొయ్యి ముందు వరుసగా నిలబెట్టాడు.

"మల్లొక్కసారి గిట్ల వస్తే ఏడుగురైనా సరే, ఏడుగురిని యార్డుకు పంపుత. పూరీలు ఒత్తెటోళ్లు ఊర్ల లేరనుకుంటున్నరా?"

"పంపు బిడ్డా. మంచిగ పంపు" అంది అక్క. కానీ ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే ఎవరూ నవ్వలేదు.

రైలు గేటు పడి ఉంటే ఆగాం. చెల్లె నా పక్కకు వచ్చింది.

"అక్కా, నాకు యార్డు అంటె భయమైతంది."

"ఏడుగురం ఉన్నంక ఏం ఫికర్ నీకు?"

"అంతేనంటవా?"

"అంతేనే పిచ్చిదానా."

అది తల ఊపింది. నాకేమీ అనుమానం రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే అది తల ఊపడం కూడా నాకు వేరుగా కనబడుతుంది గానీ, ఆ రోజు కనబడలేదు.

తర్వాత వారంలోనే ఒక పొద్దున మంచు ఎలా దిగిందంటే, ట్యాంకు కింద నిలబడి ట్యాంకు స్తంభాలు కనబడలేదు. మొదటి లెక్కకు ఏడు మోగాయి. రైలు గేటు దగ్గర కూడా ఏడు మోగాయి. లారీల రోడ్డు ఇంకా కొంత దూరం ఉందనగా, టైర్ల నుంచి రాలిన మట్టి మంచుకు తడిసి జారుడుగా ఉంది. నా ముందు చక్రం పక్కకు పోయింది. పడుతున్నానని తెలిసేలోపే రోడ్డు పక్క మురికి కాలవలో, మా మాటలో మోరీలో, ఉన్నాను. సైకిలు నా మీద ఉంది. డండా మోకాలి మీద పడింది. చీలమండ ఎటో తిరిగిపోయింది, నొప్పికి కళ్లలో మెరుపులు.

లేద్దామని చూస్తుంటే ముందు నుంచి అక్క బెల్లు వినబడింది. లారీల రోడ్డు లెక్క. రెండోది మోగింది. మూడు. నాలుగు. ఐదు. తర్వాత కిణ్, అది చెల్లె. ఇక నాదే.

నా బెల్లు హ్యాండిలు కింద, మోరీ బురదలో ఉంది. చెయ్యి పెట్టి తడిమాను. దొరికింది, కానీ మీట కదలలేదు. ఒక్క క్షణం గాభరా పడ్డాను. తర్వాత, నమ్మండి, ఆ బురదలో నాకు నవ్వు వచ్చింది. మోగకపోతేనే కదా ఆగేది! మోగించాల్సిన పనే లేదు. ఊరికే ఉంటే చాలు, ఆరుగురూ దిగి వెనక్కి వస్తారు. అక్క తిడుతుంది, ఎవరో ఒకరు నా బెల్లు మీద జోకు వేస్తారు. రుమాలుతో మొహం తుడుచుకుని, నన్ను చూసి భయపడకూడదని చెల్లె కోసం కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

కిణ్.

మళ్లీ మోగింది. ఆరోది మోగిన చోటే, అదే సన్నటి చప్పుడు.

నన్ను పిలుస్తోంది అనుకున్నాను మొదట. నా బెల్లు వినబడక, ఉన్నావా అని అడుగుతోంది అనుకున్నాను. ఇంతలో పెడళ్లు కదిలిన చప్పుడు వచ్చింది. ఒక చైను కరకరమంది. అది నాలుగో ఆమెది, ఎన్నిసార్లు చెప్పినా నూనె వేయదు. ఆ కరకర దూరమైంది. ఇంకా దూరమైంది.

అప్పుడు రుమాలు లాగేసి అరిచాను. "అక్కా! ఓ అక్కా!" ఒక లారీ వచ్చి నా అరుపు మీదుగా పోయింది. దాని వెనక ఇంకోటి. మూడోది పోయాక నేను అరవడం మానేశాను.

మోకాలి నొప్పి ఉంది, చలి ఉంది, కానీ నేను మోరీలో కూర్చుని లెక్క పెడుతున్నది వేరే. అక్క, రెండు, మూడు, నాలుగు, ఐదు, కిణ్, కిణ్. ఎన్నిసార్లు లెక్క పెట్టినా ఏడే వచ్చాయి.

పాల క్యాన్లు కట్టుకుని మోపెడ్ మీద పోతున్న ఒక పెద్దాయన నన్ను చూశాడు. నన్ను కాదు, పైకి లేచి ఉన్న వెనక చక్రాన్ని చూశాడు.

"ఎవలదీ సైకిలు? ఓరినీ, ఏందవ్వా, ఇంత చలిల స్నానానికి మోరీయే దొరికిందా?"

"దొరికింది కాకా, సబ్బు మరిసిన."

ఆయన నవ్వుతూనే దిగి నన్ను లాగాడు. కాలు చూసి నవ్వు ఆపాడు. "దవాఖానకు పోదాం పా. ఎవలు రాలేదా నీ ఎంబడి?"

"ముందు మస్టర్‌కు పోవాలె కాకా" అన్నాను. ఆయన ముందు చక్రం మోకాళ్ల మధ్య పెట్టుకుని, వంకర పోయిన హ్యాండిలు సరిచేసి ఇచ్చాడు. సైకిలే చేతికర్రగా పట్టుకుని నడిచాను.

క్యాంటీన్‌కు చేరేసరికి పుస్తకం మూసి గంట కావస్తోంది. లోపల వెచ్చగా ఉంది, నూనె కాగిన వాసన. ఆరుగురూ పనిలో ఉన్నారు. నేను గుమ్మంలో బురదతో నిలబడితే ఒక్కరూ తల ఎత్తలేదు. నా పీట ముందు చెల్లె కూర్చుని పూరీలు ఒత్తుతోంది.

సూపర్‌వైజరు వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆయనే ఆశ్చర్యపోయాడు.

"ఆరుగురు టైముకే వచ్చిండ్రు గద. నీకేమైంది?"

"పడ్డ సార్."

"మరి వీళ్లు ఆగలేదా? మీరు ఏడుగురు ఒక్క తాడుకు కట్టుకున్నోళ్లు గద."

కడాయిలో పూరీ పొంగి తిరగబడింది. అప్పుడు అక్క, పొయ్యి వైపే చూస్తూ, "ఏడు మోగినయ్ సార్. వస్తుందనే అనుకున్నం" అంది.

నేను చెల్లె చేతుల వైపు చూశాను. ఒత్తిన పూరీనే మళ్లీ మళ్లీ ఒత్తుతోంది. అది పీటకు అంటుకుని చిరిగిపోయింది. నేను ఒక్క మాట చెబితే చాలు. కానీ మా ఏడుగురి సంగతులు ఆయన ముందు పెట్టకూడదు. అది కూడా అక్క పెట్టిన పద్ధతే. దాన్ని ఆ రోజు పాటించింది నేను ఒక్కదాన్నే.

మూడో లేటు పడ్డది నా ఒక్కదానికే. కాలు కట్టు విప్పిన మరునాడు యార్డుకు పోయాను.

అంతకుముందు ఆదివారం, కట్టు కాలితోనే, అక్క క్వార్టరుకు వెళ్లాను. మధ్యాహ్నం. వాకిట్లో కుంపటి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి పీట జరిపింది.

"కాలు ఎట్లుంది?"

"కాలు మంచిగైతది. అక్కా, ఆ రోజు ఏడోది మోగిందంటివి. ఎట్ల మోగింది?"

"మోగింది."

"ఎట్ల మోగింది అంటున్న."

అక్క బొగ్గు తిప్పింది. కావలసిన దానికంటే ఎక్కువసేపు తిప్పింది.

"కిణ్ అని."

"నాది కిణ్ అంటదా?"

"అనదు. నీది పగిలిన బెల్లు, నాకు తెల్వదా? తెలిసింది. నాకే కాదు, అందరికి తెలిసింది. గేటు కాడ స్టాండేసేటప్పుడు ఒక్కతన్న వెనకకు తిరగలె. తిరిగితె ఆమె ఏదీ అని అడగాలె గద."

"పద్ధతి పెట్టింది నువ్వు గదక్కా."

"అవ్, నేనే పెట్టిన. మూడో లేటు అయితదని భయపడ్డ."

"నాకు గూడ మూడోదే."

ఆమె కళ్లెత్తి నా వైపు చూసింది. "నువ్వు గట్టిదానివి. ఎట్లనన్న వస్తవనుకున్న."

ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మా అమ్మ అంది, అత్త అంది, మా ఆయన అన్నాడు. అన్నప్పుడల్లా పొంగిపోయేదాన్ని. ఆ రోజు అర్థమైంది, నన్ను మోరీలో వదిలి పోవడానికి కూడా ఆ మాటే పనికొస్తుందని. చెల్లె చేసింది ఒక్కసారి వేలు కదపడం. మిగతా ఐదుగురూ రోజూ విని నవ్విన నా బెల్లును ఆ ఒక్క పొద్దున మరిచిపోయినట్టు తొక్కారు. ఏది పెద్దదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా ఆయనకు నేను యార్డు సంగతి చెప్పలేదు. కాలు కదా, కొన్నాళ్లు తేలిక పని ఇచ్చారు, గిన్నెల దగ్గర ఉన్నానని చెప్పాను. యార్డు కుళాయి కింద మొహం, చేతులు కడుక్కుని, వేరే చీర కట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. పదిరోజులు అలా నడిచింది. ఒక సాయంత్రం దగ్గు వచ్చి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నవాడు చెయ్యి చాపాడు.

"ఇటియ్యి."

"ఏంది?"

"గా రుమాలు."

విప్పి చూశాడు. మడిచి నా ఒళ్లో పెట్టాడు. "గిన్నెల కాడ గిట్ల నల్లగ రాదు. ఇసొంటి రుమాళ్లు ఇరవై ఎనిమిదేండ్లు నీతోటి ఉతికిపిచ్చిన. నాకు చెప్తున్నవా?"

రుమాలు తీసి నడుములో దోపుకున్నాను.

"ఇంటికొచ్చెయ్యమన్న గద."

"వస్తె తినేదేంది?"

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కూర్చుని నిద్రపోయే మనిషి మొహం గోడకు తిప్పుకోవడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆరుగురు నాకు చేసింది ఒక ఎత్తు. వాళ్ల వల్ల నేను ఆయనకు చేసింది ఇంకో ఎత్తు. చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాట అది.

చలి తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం చెల్లె వచ్చింది. చేతిలో పేపర్లో చుట్టిన పొట్లం. విప్పి అరుగు మీద పెట్టింది. కొత్త ఇత్తడి బెల్లు, తళతళలాడుతోంది.

"నీది పగిలింది గదక్కా. తెచ్చిన."

నేను లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చాను. అది తాగింది. తర్వాత నా సైకిలు నడిపించుకుని వచ్చి దాని ముందు నిలబెట్టాను.

"ఒక్కపారి మోగియ్యి."

"ఎందుకక్కా?"

"మోగియ్యవే. నా బదులు మోగించినవ్ గద. నా దాన్నే మోగియ్యి."

అది మీట నొక్కింది. ఠప్. బురద ఎండి ఇంకా మొద్దుగా వచ్చింది. అది ఏడవడం మొదలుపెట్టింది.

"నువ్వు ఆగిపోయినవని తెలిసిందక్కా. ఆగుదామనే అనుకున్న. నా చెయ్యి ఎట్ల మోగించిందో నాకే తెల్వదు."

"చెయ్యి నీదే గద."

కొంగుతో ముక్కు తుడుచుకుని, తల వంచుకునే అంది: "నువ్వు మాత్రం చెయ్యలేదా? గ్రౌండుల పట్టుకున్న, పట్టుకున్న అనుకుంట వదిలెయ్యలేదా?"

ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. సైకిలు హ్యాండిలు పట్టుకున్నాను.

"వదిలిన" అన్నాను. "కని నిన్ను సూసుకుంటనే నిలవడ్డ."

బెల్లు పొట్లం చుట్టి దాని చేతిలో పెట్టాను. "తీస్కపో. నీ వెనక తొక్కేటామెకు ఇయ్యి."

కానీ దాని వెనక ఎవరూ తొక్కడం లేదని అప్పటికే విన్నాను. నేను పోయాక చివరి చోటుకు ఎవరూ ఒప్పుకోలేదట. నువ్వంటే నువ్వని ట్యాంకు కింద రోజూ గొడవ. బెల్లు మోగితే, ఎవరిది, నిజంగా నీదేనా అని అరుచుకునేవాళ్లట. మరుసటి చలికాలానికి ఆరుగురూ ఒకే ఆటో మాట్లాడుకున్నారు. నాకు చోటు ఉందని అక్క కబురు చేసింది. నేను పోలేదు.

నేను ఇంకా యార్డులోనే ఉన్నాను. దగ్గు నాతోనే ఉంది. ఆయన ఆ గోడకు ఆనుకుని, నేను ఈ గోడకు. ఇద్దరం దగ్గుతూ ఒకరిని చూసి ఒకరం ఊరుకుంటాం. మంచు పొద్దుల్లో సైకిలు మీద పోతుంటే ఆ ఆటో నన్ను దాటిపోతుంది. పక్కకు దించిన ప్లాస్టిక్ పట్టా మీద చెమ్మ పట్టి, లోపల ఆకుపచ్చగా ఏదో కనబడుతుంది. ఒకసారి పట్టా పక్కకు జరిగి ఒక చెయ్యి పైకి లేచింది. నా బొటనవేలు బెల్లు మీదే ఉంది, అయినా నొక్కలేదు.

యార్డులో ఇద్దరు ఆడవాళ్లు ఇప్పుడు నాతోపాటు తొక్కుతున్నారు. వాళ్లూ కొత్తగా నేర్చుకున్నవాళ్లే. "అక్కా, మీకు బెల్లుల లెక్క ఉండేదట గద, మనం గూడ పెట్టుకుందామా?" అని అడిగారు.

"బెల్లు వద్దు" అన్నాను. "కాలు కింద పెట్టి, తల తిప్పి, మనిషిని సూడుండ్రి."

అవే మూడు చోట్లు. ట్యాంకు మూల, రైలు గేటు, లారీల రోడ్డు. ఆగుతాం, వెనక్కి తిరుగుతాం, రుమాలు కిందికి లాగి మొహాలు చూపించుకుంటాం. దానికి ఎక్కువ సమయం పడుతుంది, అందుకని పది నిమిషాలు ముందే బయల్దేరుతాం. ఒక్క మాట దాచను. చివరి చోటు నేను తీసుకోను. మధ్యలో తొక్కుతాను. వాళ్లు అడగరు, నేను చెప్పను.

చాయ్ అయిపోయిందా? గ్లాసు అక్కడ పెట్టండి, నేను కడుక్కుంటాను. పొద్దు పోకముందే బయల్దేరండి, మంచు తొందరగా దిగుతుంది. మీ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ వాళ్ల ఊపిరి హాయిగా ఆడాలి. మీ ఇంటి నుంచి ఎవరు ఏ దారిన పోయినా, ముందు పోయేవాళ్లు ఒక్కసారి కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి, వాళ్ల మొహం చూసుకునే ముందుకు పోవాలి.